ఎర్ర ఫిల్టర్‌లో బంతి పుప్పొడి

“మేడం, దాని మీద చెయ్యి తీయండి. అది నాది.”

రేణిగుంట రోడ్డులో జిలాన్ భాయ్ స్పేర్ పార్ట్స్ అంగడి. గాజుబల్ల మీదున్న ఎర్రటి ఎయిర్ ఫిల్టర్‌ను అప్పుడే చేతిలోకి తీసుకున్న శ్రీకరి వెనక్కి తిరిగి చూసింది.

గుమ్మంలో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. వానలో తడిసి వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారి కళ్ళద్దాల మీద పడుతున్నాయి. అద్దాలు తీస్తే ఎదుటి మనిషి కనబడడు, పెట్టుకుంటే నీళ్ళు తప్ప ఏమీ కనబడదు. ఆ అవస్థలో కూడా వేలు మాత్రం గురి తప్పకుండా ఫిల్టర్ వైపే చూపిస్తోంది.

“మీదని ఎవరు చెప్పినారు?” అంది శ్రీకరి.

“జిలాన్ భాయ్‌కి పోయిన వారమే ఫోన్ చేసి పక్కన పెట్టమన్నా. దీనికోసమే చిత్తూరు నుంచి వచ్చినా.”

“నేనూ దీనికోసమే తిరుచానూరు నుంచి వచ్చినా.”

“తిరుచానూరు ఈడే కదండీ! రేపైనా రావచ్చు.”

“రేపొస్తే ఇది ఉంటుందా?”

“ఉండదు. నా బండిలో ఉంటాది.”

శ్రీకరి ఫిల్టర్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారే జిలాన్ భాయ్ వైపు చూశారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నెరిసిన గడ్డం సవరించుకున్నాడు.

“తప్పు నాదే బేటీ. పరాశర్ బాబు ఫోన్ చేసిన మాట మర్చేపోయినా. ఉండేది ఒకటే పీసు. ఇద్దరిదీ ఒకటే మోడల్ బండి. నేనేం చేసేది? నడిమధ్యకి కోసి ఇచ్చేదా?”

“ఎవురికి అవసరమో వాళ్ళకియ్యి భాయ్,” అన్నాడు పరాశర్ అనే ఆ యువకుడు. అవసరం తనదేనన్న ధీమా ఆ గొంతులో.

“అట్లయితే ఇదిగో, చూడండి,” అంటూ శ్రీకరి చేతిసంచిలోంచి పేపర్లో చుట్టిన తన కారు పాత ఫిల్టర్ తీసి బల్ల మీద పెట్టింది.

అప్పటికి పరాశర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. వంగి చూశాడు. ఎప్పుడో తెల్లగా ఉండిన కాగితం మడతలు నల్లబడి, మట్టితో పూడిపోయి ఉన్నాయి. ఆ మట్టిలో ఎండిన బంతిపూల రేకులు అతుక్కుని ఉన్నాయి.

“ఇదేందండీ, దీనికి పూజ చేసినారా?”

“మా వీధంతా పూలంగళ్ళు. బండి ఆడనే నిలబెడతాం.”

“దీన్ని ఎప్పుడు మార్చినారు?”

“మా నాయన మార్చినాడు.”

“నేనడిగింది ఎవరు మార్చినారని కాదు.”

ఎప్పుడన్నది శ్రీకరికీ తెలియదు. తండ్రి సారంగపాణి దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. గుండెకు స్టెంటు వేసిన దగ్గర్నుంచి ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదు. ఏర్పేడు దగ్గరి స్కూల్లో ఫిజిక్స్ టీచరుగా చేరిన శ్రీకరి చేతికి ఆ పాత డీజిల్ కారు వచ్చింది. పెట్రోలు బంకుకు, టైర్లలో గాలికి తీసుకెళ్ళడం తెలుసు గానీ, కారు కూడా గాలి పీలుస్తుందనీ, దానికీ ముక్కులాంటిది ఒకటుందనీ ఇన్నాళ్ళూ ఆలోచించనేలేదు.

మాట మార్చడానికి ఆమె షోకేసులో తళతళలాడుతున్న శంకువు ఆకారపు ఫిల్టర్‌ను చూపించింది. “పోనీ మీరు దాన్ని తీసుకోండి. ఇంకా బాగుందే.”

“అది కోన్. దాన్ని పెట్టుకుంటే సౌండ్ అదిరిపోతాది. కానీ పెట్టె ఉండదు కదా, ఇంజన్ పక్కన వేడిగాలంతా పీల్చుకుంటాది. మన ఎండలకు పికప్ పెరిగే మాట దేవుడెరుగు, ఉండేది పోతాది.”

“వాడి చెప్తా ఉండారా, విని చెప్తా ఉండారా?”

“వాడినా. మా వీధి కుక్కలన్నీ నా ఎంట పడినాయి. సైలెన్సర్ పగిలిపోయిందని మా అమ్మ మెకానిక్‌ను పిలుచుకోనొచ్చింది.”

శ్రీకరి నవ్వకూడదనుకుంది. పెదవులు మాట వినలేదు.

“కాగితందే తీసుకోండి మీరు,” అన్నాడు పరాశర్, ఆ నవ్వును అదను చేసుకుని. “దానికేం తక్కువ? బాగానే పని చేస్తాది.”

“మీరే తీసుకోవచ్చు కదా మరి.”

“నేను మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఫీల్డ్ ఆఫీసర్నండీ. రోజూ తోటల్లో తిరిగేది. ఆ ఎర్రమట్టికి కాగితం ఎన్నాళ్ళు తట్టుకుంటాది? ఇదైతే నూనె పట్టించిన నూలుగుడ్డ. కడుక్కుని మళ్ళీ వాడుకోవచ్చు. గాలి కూడా కొంచెం ధారాళంగా పోతాది.”

“మా దారిలో టిప్పర్లు. తోటల్లో మట్టి కంటే ఎక్కువ లేస్తుంది.” శ్రీకరి గొంతు తగ్గింది. “పోయిన వారం ఒక టిప్పర్‌ను దాటబోయినా. ఎదురుగా బస్సు. యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా బండి ముందుకు పోలా. ఎట్లా వెనక్కి తగ్గినానో, ఎట్లా పక్కకు తీసినానో నాకే తెలీదు. పక్కన మా అమ్మ ఉన్నింది. మళ్ళీ ఒక్కసారి ఇట్లా జరిగితే బండి అమ్మేస్తానని ఆ రోజే చెప్పేసింది. బండి పోతే రెండు బస్సులు మారి పోవాల. అది కూడా వద్దంటుంది మా అమ్మ. ఉద్యోగమే మానుకోమంటుంది.”

బయట వాన రేకుల మీద మోగుతోంది. పరాశర్ బల్ల మీది పాత ఫిల్టర్‌ను మరోసారి చూశాడు.

“భాయ్, మేడం బండికే పెట్టెయ్,” అన్నాడు చివరికి.

“మరి నీకు?”

“మామిడి సీజన్ అయిపోయె కదా. నా బండి ఊరికే నిలబడి ఉండాది. ఇంకొకటి వచ్చినాక చూద్దాంలే.”

ఇంత తేలిగ్గా గెలుస్తానని శ్రీకరి అనుకోలేదు. “థ్యాంక్సండీ,” అంది చిన్నగా.

“థ్యాంక్స్ తర్వాత చెప్పండి. ఇది పెట్టగానే బండి గాల్లో ఎగరదు. ఈ పాత దుప్పటి తీసేసినందుకే సగం సుఖం వస్తాది. మిగిలిందే దీని గొప్ప.”

జిలాన్ భాయ్ పాత ఫిల్టర్ పక్కన కొత్తదాన్ని ఆనించి చూశాడు. పొడవు, వెడల్పు సరిపోయాయి. రబ్బరు అంచు చుట్టూ వేలు పోనిచ్చి, “ఈ అంచు పెట్టెలో అతుక్కుని కూర్చోవాల బేటీ. సందు ఉండిందా, దుమ్ము ఆడినుంచే దూరతాది. అప్పుడు ఎంత మంచి ఫిల్టరైనా దండగే,” అన్నాడు. వాన తెరిపిచ్చాక బయటికెళ్ళి బానెట్ ఎత్తి, నల్లటి పెట్టె క్లిప్పులు తీసి, దాన్ని కూర్చోబెట్టి మళ్ళీ బిగించాడు.

పరాశర్ తడి బట్టలతోనే పక్కన నిలబడ్డాడు. “కడిగినాక నూనె పట్టించేటప్పుడు జాగ్రత్తండీ. ఎక్కువైతే ఆ నూనె గాలితోపాటు లోపలికి పోయి సెన్సర్ మీద పడతాది. కడిగేటప్పుడు ఒక ఫోన్ చేస్తే నేను…”

“డబ్బా మీద రాసి ఉంటుంది కదా. చదివి చేసుకుంటాలెండి.”

“చేసుకోండి. చేసుకున్నాక ఫోన్ చేసి చెప్పండి, సరిగ్గా చేసినారో లేదో చూస్తా.”

“ఫోన్లో ఎట్లా చూస్తారు?”

“వీడియో కాల్ ఉండాది కదండీ.”

జిలాన్ భాయ్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. శ్రీకరి నంబర్ ఇచ్చింది. ఎందుకిచ్చావని ఇంటికి పోయేదాకా తనను తానే అడుగుతూ వచ్చింది.

* * *

కారు కొత్త కారైపోలేదు. కానీ టిప్పర్ వెనక చిక్కుకున్నప్పుడు కాలు కాస్త నొక్కితే చాలు, మాట విన్న పిల్లలా ముందుకు కదిలింది. శ్రీకరి వేళకు ఇంటికి రావడం మొదలైంది. అంతకుముందు సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి రోడ్డు చూసే తల్లి పంకజవల్లి ఇప్పుడు వంటింట్లోంచే హారన్ విని కాఫీకి పాలు పెడుతోంది.

“ఎవరి బిడ్డో పుణ్యాత్ముడు,” అనేది గ్లాసు అందిస్తూ. “తనకని పెట్టించుకున్నది నీకిచ్చినాడు. ఈ కాలంలో ఎవరిస్తారు?”

“ఊరికే ఇవ్వలేదులే అమ్మా. కొట్లాడి తెచ్చుకున్నా.”

“కొట్లాడితే మాత్రం అందరూ ఇస్తారా?”

సత్యవేడులో ఉండే తెలిసినాయన మునిశేఖర్ కారు కొంటానని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. “దసరా దాకా ఆగు నాయనా. బండి మళ్ళీ మొరాయిస్తే నీకే,” అని పంకజవల్లి అతన్ని ఆపి ఉంచింది. ఆ మాట శ్రీకరికి తెలుసు. అందుకే రోజూ తాళం తిప్పేటప్పుడు ఒక క్షణం భయపడేది. ఇంజన్ అందుకోగానే ఎవరికో కృతజ్ఞతగా తల ఊపేది.

ఆ ఎవరో రోజూ రాత్రి భోజనాల వేళకు ఒక మెసేజ్ పెట్టేవాడు. ఎర్ర ఫిల్టర్ పెట్టుకున్న ఆ బండికి ఎర్రమ్మ అని పేరు కూడా పెట్టాడు.

“ఎర్రమ్మ క్షేమమేనా?”

“క్షేమం. ఈ రోజు ఒక లారీని, ఒక ట్రాక్టర్‌ను దాటింది.”

“ఎర్రమ్మ ఓనర్ క్షేమమేనా?”

“ఓనర్ పేపర్లు దిద్దుతోంది. విసిగించకండి.”

“సరే. రేపు విసిగిస్తా.”

తొందరగానే ఎర్రమ్మ ఊసు తగ్గింది. ఓనర్ ఊసు పెరిగింది.

ఆయుధ పూజనాడు పొద్దున్నే శ్రీకరి కారు కడిగింది. స్నానం చేసి వచ్చేసరికి పూజ దాదాపు అయిపోయింది. బానెట్ మీద నామం, చక్రాలకు బొట్లు, అద్దానికి బంతిపూల దండ. కొంగుతో చేతులు తుడుచుకుంటూ తల్లి సంతృప్తిగా నిలబడి ఉంది. ఆమె మోచేతుల దాకా పసుపు.

“కారుకు పూసినావా, నువ్వు పూసుకున్నావా?” అంది శ్రీకరి.

“పని చేసిన వాళ్ళకు అంటుకోకుండా ఉంటుందా?” అని నవ్వింది పంకజవల్లి.

* * *

మర్నాడు విజయదశమి. చంద్రగిరిలో మేనత్త ఇంట్లో భోజనాలు. తల్లిని వెనక, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని శ్రీకరి బయల్దేరింది.

ఊరు దాటేసరికే బండి బరువుగా అనిపించింది. హైవే ఎక్కగానే తుంపర మొదలైంది. ఎత్తు వచ్చేసరికి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మూలిగింది తప్ప బండి ముందుకు పోలేదు. వెనకాల నల్లటి పొగ. దాని వెనక లారీ హారన్. ఎలాగోలా ఎడమపక్కకు తెచ్చి ఆపింది.

వైపర్ ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోంది.

“ఇంక చాలు తల్లీ,” అంది పంకజవల్లి. “మునిశేఖర్‌ను రమ్మంటా.”

“అమ్మా, ఏమైందో చూడకుండానే…”

“చూసేదేముండాది? బండి ఇంకొకటి దొరుకుతుంది. నువ్వు దొరకవు.”

శ్రీకరి కారు దిగింది. తుంపరలోనే నిలబడి ఫోన్ తీసింది. కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి.

“పరాశర్ గారూ, ఆ రోజు మీరు అంత సులభంగా ఎందుకిచ్చేసినారో ఇప్పుడు తెలిసింది.”

“ఎందుకండీ?” అవతల పళ్ళెం చప్పుడు. భోంచేస్తున్నట్టున్నాడు.

“అది డూప్లికేట్ అని మీకు ముందే తెలుసు. అందుకే నాకు అంటగట్టినారు. బండి పొగలు కక్కుతా ఉంది. మా అమ్మ అమ్మేస్తానంటోంది.”

పళ్ళెం చప్పుడు ఆగింది. ఏదో ఒకటి అంటాడని, పోట్లాడతాడని ఆమె ఎదురుచూసింది.

“యాడ ఉండారు?”

“మీకెందుకు?”

“యాడ ఉండారండీ?”

“చంద్రగిరికి ఈ పక్క. హైవే మీద.”

“సరే. అమ్మావాళ్ళు రోడ్డు మీద నిలబడొద్దు. కార్లోనే కూర్చోమనండి, లైట్లు వేసి పెట్టండి. వస్తా ఉండా.”

చిత్తూరు నుంచి అతను వచ్చేసరికి వాన పెద్దదైంది. నుదుటి మీద పండగ బొట్టు సగం చెరిగిపోయి ఉంది. కొత్త చొక్కా మడతలు ఇంకా విడలేదు. ఒక చేతిలో నేతి బొబ్బట్ల వాసన వేస్తున్న స్టీలు డబ్బా. దాన్ని కిటికీలోంచి సారంగపాణికి అందించాడు.

“మా అమ్మ పంపించింది సార్. ఓళిగలు. పండగ పూట రోడ్డు మీద ఆకలితో ఉంటారని.”

“మీ అమ్మగారికి మేము తెలుసా?” అన్నాడు సారంగపాణి ఆశ్చర్యంగా.

“తెలీదు సార్. ఆకలి తెలుసు.”

శ్రీకరి తల దించుకుంది. అతను ఆమె వైపు కోపంగా చూసి ఉంటే బాగుండేది. మామూలుగా చూశాడు. అదే కష్టంగా ఉంది.

అతను బానెట్ ఎత్తాడు. శ్రీకరి పక్కనుంచి గొడుగు పట్టింది. పంకజవల్లి కూడా ఆగలేక దిగి, కొంగు నెత్తి మీద కప్పుకుని వచ్చి అతని వెనక నిలబడింది.

పరాశర్ క్లిప్పులు తీసి మూత లేపాడు. ఫిల్టర్‌ను పైకి తీసి తిప్పి చూశాడు. అలాగే ఆగిపోయాడు.

ఆ వైపంతా పచ్చగా ఉంది. మడత మడతలో తడి పసుపు మెత్తి, ఎండి, గట్టిపడి ఉంది. దాని మీద గంధం. అక్కడక్కడా అక్షింతలు. ఒక మూల తులసిదళం. నట్టనడుమ గుండ్రంగా కుంకుమబొట్టు.

అతని భుజం, గొడుగు అంచు అడ్డంగా ఉండి శ్రీకరికి అదేమీ కనబడలేదు. ఆమెకు కనబడింది తల్లి మొహం. పంకజవల్లి చెయ్యి నోటి దగ్గరకు వెళ్ళింది.

పరాశర్ ఒక్కసారి వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. గబగబా పాతగుడ్డ తీసి ఫిల్టర్‌కు చుట్టేశాడు.

“ఏమైంది? ఏముంది అందులో?” అంది శ్రీకరి.

“పుప్పొడి.”

“ఏం పొడి?”

“బంతి పుప్పొడండీ. మీ వీధిలో దసరాకు బంతిపూల లోడ్లు దిగింటాయి కదా. అంతా పీల్చుకోనుండాది.”

“బండి ఆగిపోయేంత పుప్పొడా?”

“ఈ ఏడు పూత బాగుండాది మరి.”

అతని వేళ్ళ కొసలు పచ్చగా ఉన్నాయి. గాలికి తడి పసుపు వాసన వచ్చింది. శ్రీకరి ఏదో అనబోయింది. అతను కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె తల్లి చేతుల వైపు చూసింది. నిన్న పొద్దున మోచేతుల దాకా ఉన్న పసుపు గుర్తొచ్చింది. గొడుగు చేతిలో కొంచెం వంగింది.

“ఫిల్టర్ తప్పేం లేదండీ. ఇంత పట్టినా అవతలి వైపు చూడండి, ఒక్క రవ్వ కూడా దిగలా. ఇంజన్ క్షేమం.” అతను తన కారు డిక్కీలోంచి కొత్త కాగితపు ఫిల్టర్ తెచ్చి పెట్టెలో కూర్చోబెట్టాడు. “ఆ రోజు జిలాన్ భాయ్ దగ్గర తీసుకున్నా. ఒకటే మోడల్ కదా, పనికొచ్చింది. స్టార్ట్ చేయండి.”

ఇంజన్ హాయిగా అందుకుంది.

“మీరూ మాతో భోజనానికి రండి బాబూ,” అన్నాడు సారంగపాణి, అప్పటికే ఒక ఓళిగ సగం తిని.

“వద్దు సార్. తిరుచానూరు దాకా మీ ఎనకాలే వస్తా. దీన్ని ఈ రోజే కడగాల, లేకపోతే ఇంకా గట్టిపడిపోతాది.”

మేనత్తకు ఫోన్ చేసి రాలేమని చెప్పారు. దారంతా అద్దంలో అతని కారు కనబడుతూనే ఉంది. వానలో రెండు దీపాలు, వాళ్ళ వేగానికి తన వేగం కలుపుకుంటూ. శ్రీకరి రోడ్డు చూడాల్సినంత చూస్తూ, మిగిలినదంతా ఆ అద్దాన్నే చూసింది.

* * *

పెరట్లో, వాన తగ్గాక, పరాశర్ చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. కడిగే మందు చల్లి కాసేపు ఉంచాడు. కుళాయి సన్నగా తిప్పి, శుభ్రంగా ఉన్న వైపు నుంచి నీళ్ళు పోశాడు. అవతలి వైపు నుంచి పచ్చటి నీళ్ళు బకెట్లోకి కారాయి. అక్షింతలు ఒక్కొక్కటే తేలాయి.

“మన వీధి పుప్పొడిలో బియ్యం కూడా ఉంటాయా?” అన్నాడు సారంగపాణి అమాయకంగా వంగి చూస్తూ.

“నాయనా!” అంది శ్రీకరి.

పంకజవల్లి వంటింటి గడప మీద నిలబడి అంతా చూస్తోంది. మెల్లగా వచ్చి బకెట్ పక్కన కూర్చుంది.

“నేనే పెట్టినా నాయనా.”

“అమ్మా, ఇప్పుడదెందుకు…” అన్నాడు పరాశర్.

“ఉండు, చెప్పనీ. ఇంట్లోకి కొత్త చెంబు తెచ్చినా బొట్టు పెట్టకుండా వాడను. దీన్ని మాత్రం అంగట్లోనే పెట్టేసినారు. నా బిడ్డను వేళకు ఇంటికి చేరుస్తా ఉండాదే, ఒక బొట్టైనా లేకుండా చీకట్లో, దుమ్ములో కూర్చోబెట్టినామే అనిపించింది. ఆ క్లిప్పులు టిఫిన్ క్యారియర్ క్లిప్పుల్లాగే ఉండాయి. తీసినా. దుమ్ము పట్టిన వైపు కొంగుతో తుడిచి, పసుపు పట్టించి పెట్టినా. తక్కువ పెడితే ఏం బాగుంటుందని ఎక్కువే పెట్టినా. మళ్ళీ ఎట్లా ఉండిందో అట్లే పెట్టేసినా.”

సారంగపాణి తల పంకించాడు. “నలుగుపెట్టిన రోజు నాకూ ఇంతే పూసినారబ్బా వీళ్ళింటోళ్ళు. నేనూ ఊపిరాడక పొగలు కక్కినా.”

శ్రీకరి ఫక్కున నవ్వింది. పంకజవల్లి నవ్వలేదు. పరాశర్ వైపే చూస్తోంది.

“రోడ్డు మీదే తెలుసు కదా నీకు. మా పిల్ల నిన్ను అంత మాటనె. నీ తప్పేం లేదని చూపించుకోవచ్చు కదా. పుప్పొడి అన్నావెందుకు?”

పరాశర్ కుళాయి కట్టేశాడు. “మీ మొహం చూసినాక ఇంకేం చెప్పాల్నో తోచలేదమ్మా. పుప్పొడి కూడా నేను అనుకోని చెప్పింది కాదు. నోటికి అదే వచ్చినాది.”

పంకజవల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లేచి లోపలికెళ్ళి ఫోన్ అందుకుంది. ఆమె గొంతు పెరటి దాకా వినబడింది. “మునిశేఖర్ నాయనా, బండి అమ్మేది లేదు. లేదు, దానికేం కాలేదు. తప్పు నాది. ఆఁ, నాదే.”

శ్రీకరి చేతిలో ఉన్న మగ్గు కింద పెట్టింది. ఊపిరి నిండుగా పీల్చుకుంది.

“దీన్ని ఎండలో పెట్టేదా? వడియాల మంచం ఖాళీగా ఉండాది,” అంది పంకజవల్లి తిరిగివచ్చి.

“వద్దమ్మా. నీడలోనే, తనంతట తానే ఆరాల. ఆరినాకే నూనె.”

“అంటే రేపు మళ్ళీ రావాల నువ్వు.”

“అవునమ్మా,” అన్నాడు పరాశర్. ఆ మాటలో కష్టమేమీ వినబడలేదు.

గేటు దాకా శ్రీకరి వెంట వెళ్ళింది. వీధిలో పూలంగళ్ళ వాళ్ళు తడిసిన బంతిపూలను గోనెల మీద ఆరబోస్తున్నారు.

“డూప్లికేట్ అన్నాను,” అంది.

“అన్నారు.”

“అంటగట్టినారన్నాను.”

“అది కూడా అన్నారు.”

“ఒక్క మాటైనా తిరిగి అనలేదేం?”

“నోట్లో ఓళిగ ఉన్నిందండీ.”

“పరాశర్!”

మొదటిసారి ‘గారూ’ లేకుండా వచ్చింది ఆ పేరు. అతను కారు తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు.

“వానలో, పండగ అన్నం వదిలేసి వచ్చినారు. థ్యాంక్స్ తర్వాత చెప్పమన్నారు కదా ఆ రోజు. ఇప్పుడు చెప్తా ఉండా,” అంది శ్రీకరి. చెప్పిన మాట చాలదనిపించింది. అతని చేతికి ఖాళీ స్టీలు డబ్బా ఇచ్చింది. ఖాళీ కాదు, అందులో తల్లి పులిహోర పెట్టింది.

* * *

మర్నాడు పరాశర్ ఎర్రటి ఫిల్టర్ నూనె సీసాతో మడత మడత వెంబడీ సన్నటి గీతలా పోసుకుంటూ వెళ్ళాడు. గుడ్డలోకి నూనె తనంతట తానే పాకి, తెల్లబడినచోటల్లా మళ్ళీ ఎరుపు నిండింది. అది ఇంకేదాకా ఇద్దరూ కారు పక్కనే అరుగు మీద కూర్చున్నారు. లోపల పంకజవల్లి ఫోన్లో మాట్లాడుతోంది. ఓళిగలకు థ్యాంక్స్ చెబుదామని పరాశర్ తల్లి భారతమ్మ నంబర్ అడిగి తీసుకుంది. రెండు మాటలు చెప్పి పెట్టేస్తానన్న ఫోన్, పిల్లల చదువులకూ, అక్కడ్నుంచి పిల్లల పెళ్ళిళ్ళ దాకా పోయింది.

“నిన్న రాత్రి జిలాన్ భాయ్ ఫోన్ చేసినాడు,” అన్నాడు పరాశర్. “ఇంకొక పీసు వచ్చిందంట.”

“తెచ్చుకోకపోయినారా?”

“వద్దన్నా.”

“ఎందుకు?”

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి వాన లేదు. “నాకొకటి ఉంటే, దాన్ని కడుక్కుంటా ఆడే కూర్చుంటా. ఈడికి వచ్చేదానికి సాకు ఉండొద్దా? దీన్నైతే ఆర్నెల్లకోసారి కడగాల. ఆర్నెల్లకోసారైనా మిమ్మల్ని…” ఆగాడు. “మిమ్మల్ని చూడకుండా ఉండలేనని చెప్పేదానికి ఇంత చుట్టు తిరగాల్నా అని నాకే అనిపిస్తా ఉండాది శ్రీకరీ.”

శ్రీకరి ఫిల్టర్ వైపు చూసింది. నూనె ఇంకా అక్కడక్కడా పాకుతోంది.

“ఆర్నెల్లా?” అంది.

“డబ్బా మీద అంతే రాసుంది.”

“మా దారిలో టిప్పర్లు. మా వీధిలో పుప్పొడి. వారానికోసారైనా చూడాల్సొస్తుంది.” చెప్పి, తల ఎత్తకుండానే, “ఆ తర్వాత ఎటూ రెండు బండ్లూ ఒకే గేటు ముందర నిలబడితే సరిపోతుంది,” అంది.

పరాశర్ కళ్ళద్దాలు పెట్టుకోవడం మర్చిపోయాడు.

పంకజవల్లి పూజపళ్ళెంతో బయటికి వచ్చింది. మొహంలో ఏదో కొత్త వెలుగు. ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో, ఎంతసేపటినుంచి గుమ్మంలో ఉందో ఎవరికీ తెలియదు. “మీ అమ్మ మంచి మనిషి. ఆదివారం మమ్మల్ని చిత్తూరుకు రమ్మనింది,” అంది పరాశర్‌తో. “ఈ బండిలోనే వస్తాం.”

ఫిల్టర్‌ను పెట్టెలో కూర్చోబెట్టి, రబ్బరు అంచు చుట్టూ వేలితో నొక్కి చూసి, శ్రీకరి తనే మూత వేసింది. క్లిప్పులు బిగించింది.

“ఇప్పుడు పెట్టొచ్చా?” అంది తల్లి.

“మూత మీద పెట్టండమ్మా,” అన్నాడు పరాశర్. “ఎంతైనా పెట్టండి.”

పంకజవల్లి నల్లటి మూత మీద పసుపు రాసి, చిన్న కుంకుమబొట్టు పెట్టింది. కూతురికి పెట్టింది. వేలికి ఇంకా కుంకుమ మిగిలి ఉంది. పరాశర్‌ను వంగమన్నట్టు చెయ్యి ఊపి, అతని నుదుటి మీద పెట్టి, ముక్కు మీద రాలిన కుంకుమను కొంగుతో తుడిచింది.

“ముక్కులోకి పోనియ్యకూడదు,” అంది శ్రీకరితో. “తెలిసిందిలే ఇప్పుడు.”